కదపొద్దన్న బల్ల

"నీ జిగురు డబ్బాలు కాస్త అవతల పెట్టుకో తల్లీ, మనుషులు నడవాలా వద్దా?" అని అత్తగారు పొద్దున్నే అంటే, ఆమె డబ్బాలు గోడవారకి జరిపింది. వెనక గదిలో, బల్ల పైభాగం కోసం అచ్చులో అమర్చిన నల్లరాతి పలకల మధ్య అప్పుడే రెజిన్ జిగురు పోసింది. నీళ్ళలా పరుచుకున్న ఆ రెజిన్ సాయంత్రానికల్లా రాయంత గట్టిపడాలి. ఆ బల్లకి మేకూ అక్కర్లేదు, స్క్రూ అక్కర్లేదు. పెట్టె విప్పి కాళ్ళు గాడుల్లో దింపితే చాలు, ఎవరింట్లో వాళ్ళే బిగించుకోవచ్చు. కాకపోతే వెంట్రుకవాసి తేడా వచ్చినా కాలు దిగదు. రేపు పొద్దున ఫర్నిచర్ షాపావిడ వచ్చి తన చేతుల్తో బిగించి చూస్తుంది, కుదిరితే షాపులో అమ్మకానికి పెడుతుంది. ఇదివరకు రెండుసార్లు ఆవిణ్ణి రమ్మని, ఇంటిపనులు తెమలక రెండుసార్లూ వద్దంది. ఈసారి కుదరకపోతే ఇక అడగొద్దని ఆవిడ మొహమాటం లేకుండా చెప్పేసింది.

"సాయంత్రం దాకా దీన్ని ఎవరూ కదపకండి, మీకు పుణ్యముంటుంది," అని ఇంట్లో అందరికీ చెప్పి, అత్తగారి మందులకి బయల్దేరింది. దారిలో భర్త ఇస్త్రీ బట్టలు, కరెంటు బిల్లు. ఒక పనిమీద బయటికెళ్తే ఇంకో నాలుగు పనులు కొంగు పట్టుకుని వెంట వస్తాయి కదా! డిజైన్ చదువులో ఫస్టొచ్చిన మనిషి. "చదువుకున్న కోడలు, అల్మారాలు ఎంత పొందిగ్గా సర్దుతుందో!" అని అత్తగారు చుట్టాల దగ్గర మురిసిపోతారు. ఆ మాటకి నవ్వాలో ఏడవాలో ఆమెకి ఇప్పటికీ తెలియదు.

తిరిగొచ్చేసరికి అచ్చు గదిలో లేదు. వాషింగ్ మెషిన్ మీద ఉంది. మెషిన్ గడగడా తిరుగుతోంది.

"రాత్రికి తమ్ముడూ వాళ్ళూ వస్తున్నారని గది ఖాళీ చేశాను. జాగ్రత్తగానే పెట్టాన్లే," అన్నాడు భర్త, ఫోన్లోంచి తలెత్తకుండా. "బట్టలు కూడా నేనే వేశాను, చూడు."

మెచ్చుకోవాలి కాబోలు!

ఆమె మెషిన్ ఆపి అచ్చు కిందికి దించింది. సాయంత్రం విప్పి చూసింది. రెజిన్ ఒక పక్కకి ఒరిగి, గాడులతో సహా అలలు అలలుగా బిగుసుకుపోయింది. కాలుని గాడిలో పెట్టి నొక్కింది. దిగలేదు. మోకాలు ఆనించి, ఒంట్లో బలమంతా పెట్టి నొక్కింది. అరచెయ్యి చీరుకుపోయింది గాని కాలు దిగలేదు. అక్కడే చతికిలబడి వెక్కివెక్కి ఏడ్చింది. ఈ బతుకు ఇంక చాలనిపించింది, నిజంగానే.

"కాస్త వంకరుంటే కొంపలేం మునిగాయి?" అన్నాడాయన. "ఏడుపు చాలుగాని, వాళ్ళొచ్చే టైమైంది. వంట సంగతి చూడు."

ఆమె లేచి ముఖం కడుక్కుంది. రాళ్ళు కోసిచ్చే ఆవిడకి ఫోన్ చేసింది.

"మీ షెడ్డులో కాస్త చోటిస్తారా? మళ్ళీ పోస్తాను, పొద్దున షాపావిణ్ణి అక్కడికే రమ్మంటాను. గట్టిపడేదాకా ఎవరూ ముట్టుకోకూడదు."

"లోపల గడియ పెట్టుకుని కూర్చోండమ్మా, ఎవరొస్తారో నేను చూస్తాగా," అందావిడ.

అచ్చూ, బల్లకాళ్ళూ, మిగిలిన పలకలూ డబ్బాలూ సంచుల్లో సర్దుకుంది. గుమ్మం దగ్గర భర్త అడ్డొచ్చాడు.

"ఇప్పుడెక్కడికి? ఎప్పుడొస్తావు?"

ఎన్నింటికి వస్తుందో, ఏ గిన్నెలో ఏముందో, ఎవరి మందు ఎక్కడుందో అప్పజెప్పనిదే ఏనాడూ గడప దాటని మనిషి, చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని, "వస్తానో రానో తెలీదండీ," అంది.