గొర్రెకి పాడిన పాట

ఫోను మోగేసరికి నేను టీ ఎత్తిపోస్తున్నాను. ఉప్పూ పాలూ పడ్డ టీని గరిటెతో పైకెత్తి మళ్ళీ గిన్నెలోకి వందసార్లు పోయాలని అత్తయ్య రూలు. ఎనభైలో ఉన్నాను. మా ఉన్ని గుడారంలో ఫోనుకి సిగ్నల్ ఒక్కచోటే తగులుతుంది, తలుపుకి ఎడమవైపు మూడో వాసం కింద. అందుకే దాన్ని మా ఆయన పాత మేజోడులో పెట్టి అక్కడ వేలాడదీశాం.

మేజోడు మాట్లాడింది. "డాక్టరుగారు చేసిన పరీక్ష ఫలితం వచ్చింది. తెర్గెల్ చెవులు బాగున్నాయి. ఈ నెలలో కొత్తగా పదకొండు మాటలు అంది. నిన్న మొదటిసారి రెండు మాటలు కలిపింది: 'నానమ్మా, పాడు.'"

పిడకల బుట్టతో లోపలికొస్తున్న మా తోడికోడలు సర్నై తలుపు దగ్గరే కూలబడిపోయింది. పిడకలన్నీ నేలమీద దొర్లాయి. తెర్గెల్ ఆమె కూతురు. రెండున్నరేళ్ళు. నేను గరిటె వదిలేసి సర్నైని వాటేసుకున్నాను. టీ ఎనభై దగ్గరే ఆగిపోయింది. అత్తయ్య చూసింది, ఏమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడం నాకు రెండో శుభవార్త.

కిందటి శరదృతువులో పెళ్ళై ఈ లోయకొచ్చాను. నగరంలో డిగ్రీ చదివినదాన్ని, మొదటి వారం అన్నీ ముద్దొచ్చాయి: పొద్దున్నే గుడారం పైకప్పులోంచి పడే గుండ్రటి ఎండ, మా ఆయన తెమూలెన్ నిద్రలో నా జడ పట్టుకోవడం, పెరుగు మీద మంచుపొర. ఇప్పటికీ ముద్దొస్తున్నాయి, దాచుకోను. కానీ రెండో వారం ఆ తాడు చూశాను. గొర్రె ఉన్నితో పేనిన మెత్తటి తాడు. ఒక కొస తెర్గెల్ నడుముకి, ఇంకో కొస మంచం కోడుకి. పొయ్యికి సరిగ్గా రెండడుగుల ఇవతల ఆగిపోయేంత పొడవు. సర్నై పాలు పితకడానికి వెళ్తే తాడు. పిడకలేరడానికి వెళ్తే తాడు. మంచు కరిగించడానికి, దూడల్ని విడదీయడానికి, తాడే.

"దీంతోనే నీ మొగుణ్ణీ కట్టాను. వాడేమైనా మూగవాడయ్యాడా?" అంది అత్తయ్య.

"లేదత్తయ్యా, బాగా మాట్లాడతాడు. తన టీ గిన్నె ఎక్కడుంటుందో మాత్రం ఇప్పటికీ తెలీదు" అన్నాను. సర్నై నవ్వాపుకోలేక బయటికి పరుగెత్తింది.

తెర్గెల్ మాత్రం మాట్లాడేది కాదు. చెవుడేమోనని సర్నై భయం. బావగారు గల్సన్ ఒకసారి తాగి, "మీ పుట్టింటి వైపు రోగం" అన్నాడట. ఆ మాట నాతో చెప్పినప్పుడు సర్నై ఏడవలేదు, ఉన్ని దువ్వుతూనే ఉంది. ఆ రోజే నేను మోటారు సైకిల్ వెనక కూర్చుని సుమ్ అనే మా మండల కేంద్రంలోని పిల్లల బడికి వెళ్ళాను. బడి రాని లోయల కోసం వాళ్ళ దగ్గర ఒక ఏఐ నేస్తం ఉంది. దాన్ని నా ఫోనులో పెట్టారు; మేజోడులోంచి మాట్లాడేది అదే. సిగ్నల్ లేకపోయినా ఇంట్లో చప్పుళ్ళు వింటుంది, బిడ్డతో ఎవరు ఎంత మాట్లాడుతున్నారో లెక్క కడుతుంది, ఇంట్లో ఉన్న వాటితోనే ఏం ఆడించాలో చెబుతుంది. బొమ్మల్లేవంటే గొర్రె మడమ ఎముకలతో ఇల్లు కట్టించమంది. నాకు భలే నచ్చింది.

మొదటి నివేదిక మాత్రం ఇలా వచ్చింది: "ఈ ఇంట్లో పెద్దవాళ్ళొకరు బిడ్డకి రోజూ గంటసేపు ఎంతో ప్రేమగా పాడుతున్నారు. చాలా సంతోషం."

నేనూ సర్నై ముఖాలు చూసుకున్నాం. అది గొర్రెలు ఈనే కాలం. చలికి పిల్లని దగ్గరికి రానివ్వని తల్లిగొర్రె పక్కన కూర్చుని, "తోయిగ్, తోయిగ్" అని అది కరిగి పాలిచ్చేదాకా అత్తయ్య పాడుతుంది. ఏఐ ఆ పాట విని మురిసిపోయింది!

నవ్వి నవ్వి చెప్పాను: "అది గొర్రెకి."

"అలాగా. మరి బిడ్డతో అనే మాటలేవి?" అని అడిగింది.

అది రికార్డు చేసినదంతా వెనక్కి తిప్పి విన్నాం. రోజంతటిలో బిడ్డకి దక్కిన మాటలు మూడు. వద్దు. ముట్టుకోకు. కూర్చో.

నవ్వు ఆగిపోయింది. అత్తయ్య పొయ్యివైపు తిరిగి కూర్చుంది. అటు తిరిగే అంది: "నా పెద్దకూతురు పొయ్యిలో చెయ్యి పెట్టింది. అప్పుడు నేను ఆవుల దగ్గరున్నాను, మీ మావయ్య గుర్రాల దగ్గర. ఆ తర్వాతే ఈ తాడు పేనాను. ఇది నాకు మూడో చెయ్యే పిల్లా. ఇంకెవరూ చెయ్యి ఇవ్వలేదు."

ఆమెకి కూతురుండేదని అంతవరకూ నాకెవరూ చెప్పలేదు. ఆ సాయంత్రం ఆమె తెర్గెల్‌ని ఒళ్ళో వేసుకుని, గొర్రెకి పాడే పాటే పాడింది. వేరే పాట రాదట. తెర్గెల్ మొదటి మాట "తోయిగ్".

అదీ మేజోడు చెప్పిన శుభవార్త వెనకున్న కథ. కానీ మేజోడు ఇంకా ఆపలేదు. "వచ్చే రెండు నెలలూ ఇలాగే మాట్లాడితే మాటలు నిలుస్తాయి. అమ్మ రోజూ గంట ఆడించాలి."

అమ్మ! రేపటినుంచి మేకల ఉన్ని దువ్వడం. నూట నలభై మేకలు. సర్నై చేతులు నా కళ్ళముందే ముడుచుకున్నాయి. బావగారు టీ గిన్నె చాపుతూ, "ఇంకేముంది, ఈ నెల తాడే. పని పనే కదా" అన్నాడు.

నేను మేజోడు దగ్గరికెళ్ళి గట్టిగా చెప్పాను: "అమ్మకి రెండు చేతులే. రెండూ మేక మీదుంటాయి."

"ఇంట్లో ఇంకెవరున్నారు?" అంది.

తెమూలెన్ నా వైపు చూశాడు, చెవులెర్రబడ్డాయి. "నేనున్నాను. కానీ నాది గొర్రె గొంతు."

"ఈ ఇంట్లో అదే చెల్లుతుంది" అన్నాను. ఆ క్షణాన అతన్ని అందరి ముందూ ముద్దుపెట్టుకోవాలనిపించింది.

"మరి దువ్వడానికి మేకల్ని ఎవరు పడగొట్టి పట్టుకుంటారు?" అన్నాడు బావగారు.

"నువ్వు పుట్టకముందు ఎవరు పడగొట్టారు?" అంది అత్తయ్య. లేచి మంచం కోడుకున్న ముడి విప్పింది. నలభై ఏళ్ళ ముడి, పళ్ళతో లాగాల్సొచ్చింది. తాడు చుట్టి నా చేతిలో పెట్టింది.

"రేపు పొద్దున పిల్ల దగ్గర తెమూలెన్, మధ్యాహ్నం గల్సన్. నువ్వూ సర్నై నాతో రండి. తాడు మర్చిపోకు, మేక కొమ్ములకి కట్టాలి."