నూటికి డెబ్బై

సూదక్క పెడలు మీంచి కాలు తీయకుండానే ఎడమచేత్తో తరవాతి తొడుగు లాక్కుంది. నీలం రెగ్జిను. మూల దగ్గర నాలుగు పొరలు ఒకదానిమీద ఒకటి పడతాయి. అక్కడికొచ్చేసరికి ఎవరి మిషనైనా మూలుగుతుంది. ఆమెది మూలగదు. చక్రం మీద అరచెయ్యి ఆనించి, సూదిని ఒక్కో కుట్టే దింపుతూ మూల దాటించి, అప్పుడు మళ్ళీ పరుగెత్తిస్తుంది. బస్సులు కట్టే ఆ షెడ్డులో ఇరవై రెండేళ్ళుగా సీట్ల తొడుగులు కుడుతోంది. కుడిచేతి చూపుడువేలి గోరు నిలువునా చీలి ఉంటుంది, ఎప్పుడో సూది దిగిన గుర్తు. అందరూ సూదక్కనే పిలుస్తారు. అసలు పేరు హాజరు పట్టీకి తప్ప ఇంకెవరికీ గుర్తులేదు.

మిషనుకి ఎదురుగా అద్దాల గోడ. దాని అవతల వైర్ల సెక్షను. అక్కడ తెల్లకోటు వేసుకుని, బల్లల మధ్య తిరుగుతూ, వంగి వంగి చూస్తూ, ఎవరో అన్నదానికి నవ్వుతున్న మనిషి ఆమె చిన్న తోడికోడలు. ఒక ఇంటి కోడళ్ళు, ఒకే కప్పు కింద రెండు పనులు. తల ఎత్తినప్పుడల్లా ఆ తెల్లకోటే కంట్లో పడేది. అందుకని సూదక్క తల ఎత్తడం మానేసింది. మానేసినా కనిపించేది.

రెండేళ్ళ కిందట కొత్త నిబంధన వచ్చింది. ప్రజల సొమ్ముతో కొనే బస్సులో నూటికి డెబ్బై వంతులైనా దేశంలో తయారైన సరుకే ఉండాలన్నారు. అంతవరకూ బస్సు ఒళ్ళంతా నరాల్లా పాకే వైర్ల కట్టలు ఓడల్లో వచ్చేవి. ఇక ఇక్కడే కట్టాలని పాత గోడౌను ఖాళీ చేసి, సున్నం వేసి, ఏసీ పెట్టి, ముప్పైమంది ఆడవాళ్ళని కూర్చోబెట్టారు. వాళ్ళ పైన చిన్నదాన్ని పెట్టారు. ఆరేళ్ళ కిందట ఆ చిన్నదాన్ని చెయ్యి పట్టుకుని ఈ షెడ్డుకి తీసుకొచ్చింది సూదక్కే. "మా మరిది పెళ్ళాం, బుద్ధిమంతురాలు, ఏదన్నా పని చూడండి" అని ఫోర్‌మన్‌ని బతిమాలింది కూడా ఆమే.

ఇప్పుడు గేటు దగ్గర పెద్ద ఫొటో ఉంది. ఎవరో పెద్దమనిషి రిబ్బను కత్తిరిస్తుంటే పక్కన చిన్నది. కింద ఎర్రక్షరాల్లో 'ఇక్కడే తయారైంది'. సీట్లు మొదటినుంచీ ఇక్కడే తయారవుతున్నాయి. వాటికి రిబ్బను లేదు, ఫొటో లేదు. ఇంట్లో పుట్టి ఇంట్లోనే పెరిగిన పిల్లని ఎవరు ముద్దు చేస్తారు, తప్పిపోయి దొరికినదాన్ని గాని?

"పెరటిచెట్టు మందుకి పనికిరాదు సూదక్కా" అని ఫోర్‌మన్ ఒకసారి నవ్వాడు.

"నీడకి మాత్రం పనికొస్తుంది. వచ్చి కూర్చోండి" అంది ఆమె. అతను ఇంకా నవ్వాడు. ఆమెకి నవ్వు రాలేదు.

ఇంట్లోనూ ఇదే వరస. అత్తగారి చెవి మిషను మూగబోతే పదహారేళ్ళు ఆమెకి అరిచి చెప్పింది సూదక్క. చిన్నది వచ్చిన వారంలో ఆ మిషను విప్పి, తెగిన వైరు అతికించి, చెవిలో పెట్టింది. ఆ రోజునుంచి ముసలావిడకి నోట్లో మాట 'చిన్నమ్మాయీ' ఒక్కటే.

ఒకరోజు తనిఖీకి మనిషి వస్తాడని పొద్దున్నుంచీ షెడ్డంతా కడుగుతున్నారు. రెండువందల నలభై బస్సుల ఆర్డరు ఆయన సంతకం మీద ఉంది. దారం కండెల కోసం స్టోరు గదికి వెళ్ళిన సూదక్కకి మూలనున్న అట్టపెట్టెలు కనిపించాయి. వైర్ల చివర బిగించే ప్లాస్టిక్ క్లిప్పులు. పెట్టె మీద అచ్చు తెలియని లిపి. ఆమె వంగి వేలితో తడిమి చూసింది. అంటే వైరు ఇక్కడిది, దాని పళ్ళు మాత్రం సముద్రం దాటి వచ్చినవి! ఇన్నాళ్ళూ ఆ ఎర్రక్షరాలు చెప్పింది ఇదన్నమాట.

మండుటెండలో చల్లటి గ్లాసు చేతికందినట్టయింది ఆమెకి. కండెలు తీసుకోవడం మరిచిపోయి తిరిగొచ్చింది.

మధ్యాహ్నం చిన్నది ఎప్పటిలాగే డబ్బా పట్టుకుని ఆమె పక్కకే వచ్చి కూర్చుంది. మూత తీసి, తినకుండా వేళ్ళతో కెలుకుతోంది.

"ఏం, కూర బాలేదా? నేనే చేశాను."

"బాగుందక్కా. ముద్ద దిగట్లేదు. ఇవాళ ఏమవుతుందో ఏమో."

"నీకేమమ్మా! ఫొటో ఎక్కినదానివి."

చిన్నది ఏదో చెప్పబోయి ఆమె మొహం చూసి ఆగింది. తన డబ్బాలోని పెద్ద ముక్కలు రెండు తీసి అక్క డబ్బాలో వేసింది. సూదక్కకి ఒళ్ళు మండింది. జాలిపడ్డా మంటే, ప్రేమ చూపినా మంటే.

తినడం అయ్యాక చేతులు కడుక్కుని తిన్నగా బస్సులు కట్టే లైన్లోకి నడిచింది. సగం కట్టిన బస్సులో తనిఖీ ఆయన మోకాళ్ళ మీద కూర్చుని టార్చీతో నేల కింద చూస్తున్నాడు. సన్నటి మనిషి, కళ్ళజోడు తాడుకి వేలాడుతోంది. ఆమె మెట్టు మీద నిలబడి కొంగు నలిపింది.

"అయ్యా, ఒకసారి స్టోరు గది మూల చూడండి. వైర్లకి పెట్టే క్లిప్పులు ఇక్కడివి కావు. నేను చెప్పానని మాత్రం..."

ఆయన తల ఎత్తకుండానే అన్నాడు. "తెలుసమ్మా. ఆ సెక్షను ఆవిడే పొద్దున నేను కుర్చీలో కూర్చోకముందే వచ్చి చెప్పింది. సంతకం పెట్టి రాసి కూడా ఇచ్చింది. మేనేజరు మొహం చూడాలి మీరు!"



"వైర్ల కట్ట మొత్తం బయటి సరుకు కింద వేశాను. బస్సు అరవై ఎనిమిది దగ్గర ఆగింది. రెండు తక్కువైనా నేను సంతకం పెట్టను" అన్నాడాయన లేచి మోకాళ్ళు దులుపుకుంటూ.

ఆర్డరు పోతే బస్సులుండవు. బస్సుల్లేకపోతే సీట్లెందుకు? పక్క గదికి పెట్టిన నిప్పు తన గది కప్పు మీదే ఉందన్న సంగతి సూదక్కకి అప్పుడు తట్టింది. తలుపు కడ్డీ పట్టుకుంది.

"మీ పేరేంటమ్మా?"

"సూదక్కంటారు."

"ఓ, మీరేనా?" ఆయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. "మీ సీట్లు చూడమని కూడా ఆవిడే చెప్పింది. కాగితాల్లో సీటు సంగతి 'మూలం తెలియదు' అని రాసేశారు, అందుకని అదీ బయటి సరుకు లెక్కలోనే పడింది. ఎవరూ అడగలేదట. ఈ బట్ట ఎక్కడిది?"

ఎవరూ అడగలేదు, నిజమే. ఆమె చెప్పడం మొదలుపెట్టింది. రెగ్జిను పక్క ఊరి మిల్లుది, బట్ట తాను చుట్టిన గొట్టానికి ఆ ఊరి చీటీయే ఉంటుంది. స్పాంజి నది అవతలి షెడ్డుది, వానాకాలంలో తడిసి వస్తే తిప్పి పంపింది తనే. చట్రం గొట్టాలు వెనక వీధి కమ్మరులవి. దారం కూడా ఇక్కడిదే, కాకపోతే తెల్లది తొందరగా తెగుతుంది, నల్లది గట్టిది. ఆయన్ని తన మిషను దగ్గరికి తీసుకెళ్ళి, కింద అరలోంచి ఆ చీటీల దొంతర తీసింది. కొలతలు రాసుకోవడానికి వెనకవైపు తెల్లగా ఉంటుందని ఏళ్ళ తరబడి దాచినవి. ఆయన వాటిని బల్ల మీద పరిచి, ముందువైపు చదువుతూ, చాలాసేపు రాసుకున్నాడు.

సాయంత్రం నాలుగింటికి లెక్క తేలింది. డెబ్బై ఒకటిన్నర. షెడ్డులో ఎవరో ఈలవేశారు. మేనేజరు పరుగున వచ్చి సూదక్కని మిషను దగ్గర నిలబెట్టి ఫోనుతో ఫొటో తీశాడు. ఇరవై రెండేళ్ళకి మొదటి ఫొటో. అందులో ఆమె కళ్ళు మూసుకుంది. అద్దాల అవతల చిన్నది రెండు చేతులూ పైకెత్తి చప్పట్లు కొడుతోంది. చప్పుడు వినపడదు, చేతులు కదలడం మాత్రం కనిపిస్తోంది.

నా గొప్ప కూడా దాని చేతిమీదుగానే రావాలా, అనుకుంది సూదక్క.

ఇంటికెళ్ళే బస్సులో ఇద్దరికీ పక్కపక్కనే చోటు దొరికింది. చిన్నది కిటికీలోంచి చూస్తూ అడిగింది.

"నువ్వు కూడా తనిఖీ ఆయన దగ్గరికి వెళ్ళావటగా అక్కా?"

సూదక్క ఒళ్ళోని డబ్బా మూత నొక్కింది. "ఎవరు చెప్పారు?"

"ఫోర్‌మన్ చూశాట్ట. ఏమన్నాడాయన?"

"సీట్లు బాగున్నాయన్నాడు."

"అంతేనా?"

"అంతే."

చిన్నది ఆమె వైపు తిరిగి ఒక్క క్షణం చూసింది. "బాగుంటాయి మరి" అని మళ్ళీ కిటికీ వైపు తిరిగింది. ఆ మాట వెనక ఏముందో సూదక్కకి అప్పుడూ తెలియలేదు, తరవాతా తెలియలేదు. అడిగే ధైర్యం లేక ముందు సీటు తొడుగు కుట్టు మీద గోరుతో గీస్తూ కూర్చుంది. అది ఎవరో తొందరలో వేసిన కుట్టు. ఆమెది కాదు.

నెల తిరక్కుండానే కబురొచ్చింది. క్లిప్పులు కూడా దేశంలోనే చెయ్యాలని కంపెనీ దూరపు ఊళ్ళో చిన్న వర్క్‌షాపు తెరుస్తోంది. నిజం చెప్పిన మనిషే కావాలని పైవాళ్ళు చిన్నదాన్ని అడిగారు. మరిదీ చిన్నదీ సామాను కట్టుకున్నారు. అత్తగారు రెండురోజులు అన్నం ముట్టలేదు. సూదక్క వాళ్ళ దుప్పట్లు మడిచి, మూటలకి తనే బిగించి కుట్లు వేసింది. ఇల్లు కదలడంలోనూ, కొత్త ఊరు చూడడంలోనూ అదే ముందు, అనుకుంటూ కుట్టింది. దారం రెండుసార్లు తెగింది.

"వెళ్ళొస్తానక్కా" అంది చిన్నది తెల్లవారుతుండగా గుమ్మంలో.

"కిటికీ పక్కన కూర్చోకు, గాలి కొడుతుంది" అంది సూదక్క. ఇంకో మాట నోటిదాకా వచ్చింది. ఈలోగా ఆటో మలుపు తిరిగిపోయింది.

ఆ సాయంత్రం షెడ్డునుంచి వచ్చేసరికి అత్తగారు మంచం మీంచి పిలుస్తోంది. "చిన్నమ్మాయీ! చిన్నమ్మాయీ! దీంట్లో గరగరమంటోంది!"

సూదక్క గుమ్మంలోనే చెప్పులు విడిచింది.

"ఆఁ, వస్తున్నా" అంది.

చెవి మిషను చేతిలోకి తీసుకుని వెలుతురు కోసం కిటికీ దగ్గరికి వెళ్ళింది. గట్టు మీద, చిన్నది వైర్లకి చుట్టే నల్లటేపు చుట్ట సగం అయిపోయినది ఉంది. చూపు ఆనకపోయినా చీలిన గోటికి దొరికేట్టు దాని కొస వేలెడంత లోపలికి మడిచి ఉంది.