చెలిమెలో తాబేళ్లు

కొడుకు పంపిన కార్డును కురుమమ్మ నాలుగోసారి చదివింది. అక్షరాలు నేర్చి రెండేళ్లే అయింది, తప్పు చదువుతున్నానేమోనని ఆమె అనుమానం. లైట్‌హౌస్ గోడ కట్టడానికి పాలమూరు కూలీల గుంపుతో సముద్రంలోని చిన్న దీవికి వెళ్లాడు ఈరన్న. "ఒడ్డు మీది తాబేలు పిల్లలను తాగేనీళ్లకు మేము ఇసుకల తవ్వుకున్న చెలిమెల ఏసినమని ఫారెస్టాయన కేసు పెడతనంటున్నడు. మంచి చేస్తే కేసేందో సదువుకున్నోళ్లను అడుగమ్మా" అని రాశాడు.

వాళ్ల ఊళ్లో కొత్త బావి తవ్వితే, నీళ్లు శుభ్రంగా ఉండాలని అందులో తాబేలును వదులుతారు. చిన్నప్పుడు ఈరన్న చేతికి తాబేలునిచ్చి బావిలో వదిలించింది ఆమే.

చిక్కడపల్లి లైబ్రరీలో ఊడ్చే పని అయ్యాక, కార్డు పట్టుకుని, రోజూ అక్కడే చదువుకునే స్వరూప దగ్గరికి వెళ్లింది. స్వరూప అశోక్‌నగర్ హాస్టల్లో ఉంటూ గ్రూప్స్ పరీక్షకు చదువుతోంది. బీరువాలు వెతికి ఆ దీవి గురించిన ఒక పుస్తకం తెచ్చింది.

"నది తెచ్చిన ఇసుక మేటేసి వందేండ్ల కింద లేసిన దీవట, పెద్దమ్మా. ఓడలోళ్లకు తొవ్వ కనవడాలని లైట్‌హౌస్ కట్టిన్రట. ఏటా తాబేళ్లొచ్చి ఆడనే గుడ్లు పెడ్తయి. అందుకే కాపలా."

"మా తాతకన్న చిన్నదా ఆ దీవి? మరి తాబేళ్లకు అడ్రసెవరు చెప్పిన్రు?"

"ఇంటర్వ్యూల గూడ నన్ను గింత పరేషాన్ చెయ్యరు" అని నవ్వింది స్వరూప.

"చెలిమెల ఏస్తే ఏమైతది బిడ్డా?"

"అవి సముద్రంల బతికేటివి. మంచినీళ్లల్ల సచ్చిపోతయి."

మనుషులు దప్పిక తీర్చుకునే నీళ్లు ఒక ప్రాణిని ఎలా చంపుతాయి? పుణ్యమని నేర్పింది పాపమెప్పుడైంది?

"మేము ఎయ్యలేదని చెప్పుమని రాయాల్నా?"

"చెలిమెల కనవడ్తనే ఉన్నయి గద, పెద్దమ్మా."

నారాయణగూడ పోస్టాఫీసు అరుగు మీద కూర్చుని ఇన్‌లాండ్ కవరు విప్పింది. మధ్యాహ్నం దాకా రాసింది. "ఫారెస్టు సారుకు దండాలు. తాబేలును బావిల ఎయ్యాలని నా కొడుకుకు నేర్పింది నేను. ఉప్పునీళ్ల తాబేళ్లు ఉంటయని మాకు తెల్వది. కేసు పెడితే నా మీద పెట్టుండ్రి." కింద మిగిలిన జాగాలో, "ఈరన్నా, బతికున్నయి ఏమన్న ఉంటే ఇప్పుడే సముద్రంల ఇడువు" అని ఇరికించింది.

ఆ సారు పేరు తెలియదు. అందుకని ఈరన్న పేరు మీదే పంపక తప్పలేదు. వాడు ఆయన చేతిలో పెడతాడో, చింపేస్తాడో. పెడితే ఆ మాటలు కొడుకును కాపాడతాయో, పట్టిస్తాయో. పోస్టు డబ్బా ముందు చాలాసేపు నిలబడింది. వెనుక ఎవరో "జర జల్ది, అక్కా" అంటే, ఉత్తరాన్ని అందులో వదిలేసింది.