లేవడం నేర్పని మాస్టారు

రోజూ పొద్దున తొమ్మిదింటికి మాస్టారు రెండో అంతస్తులోని గది తాళం తీసి, కిటికీలు తెరిచి, గోడకున్న నిలువుటద్దం తుడిచి, ఏడు కంప్యూటర్లూ ఆన్ చేసేవాడు. అవి పాతకాలంవి. బతికి బట్టకట్టడానికి ఒక్కొక్కటీ పది నిమిషాలు తీసుకునేది. ఈలోగా ఆయన గది ఊడ్చేవాడు. కంప్యూటర్లో బొమ్మల్ని కదిలించడం నేర్పే చోట నిలువుటద్దం ఎందుకని కొత్తగా చేరిన ప్రతివాళ్లూ అడిగేవాళ్లు. ముందు మీరు లేచి నడిస్తే తర్వాత బొమ్మ నడుస్తుందని ఆయన చెప్పేవాడు. దాంతో సగంమంది మర్నాటినుంచి రావడం మానేసేవాళ్లు. మిగిలినవాళ్లు అద్దం ముందు కుర్చీలో కూర్చుని లేచి, మళ్లీ కూర్చుని, తమకి మోకాళ్లున్న సంగతి మొదటిసారి గమనించేవాళ్లు.

నేర్చుకునేవాళ్లందరికీ బొమ్మ ఒకటే. జుట్టు లేదు, ముఖం లేదు, ఒంటిమీద నూలుపోగు లేదు. గుండోడు అని పిలిచేవాళ్లు. గుండోడిని ఊరికే కదిలిస్తే ఏమీ కాదు. ఎవరైనా ఒక మనిషిని చూసి అచ్చం ఆ మనిషిలాగే కదిలిస్తే మాత్రం, ఆ కదలిక వెళ్లి ఆ మనిషిని పట్టుకునేది. ఫైలు చెరిపేదాకా వదిలేది కాదు. అది ఆ గదిలో చేస్తేనే. ఇంటికి తీసుకెళ్లి చేసుకుంటే ఉత్త బొమ్మే కదిలేది. అందుకే తలుపు పక్కన ఒక కాగితం అంటించి ఉండేది: "తెలిసినవాళ్లని చూసి చేసిన కదలికలు ఇంటికెళ్లేముందు చెరిపేయాలి. బీరువా తాళాలు పట్టుకెళ్లకూడదు." రెండో వాక్యమే పెద్దక్షరాల్లో ఉండేది.

ఈ గదివల్ల కింద లాండ్రీ కొట్టాయన పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. కిటికీలోంచి చూస్తే ముందు కనిపించేది ఆయనే మరి. ఒకసారి ఒక అమ్మాయి ఆయన మెట్లెక్కడం చేసి, దిగడం చెయ్యడానికి బద్ధకించి, ఎక్కడాన్నే వెనక్కి తిప్పేసింది. ఆ పూటంతా ఆయన వీపు ముందుకి పెట్టుకుని మెట్లు దిగాడు. సాయంత్రం పైకొచ్చి, మెడ పట్టేసిందనీ, పిల్లలకి కాస్త సరిగ్గా నేర్పమనీ మర్యాదగానే చెప్పి వెళ్లాడు. మాస్టారు మాత్రం క్లాసు మొత్తానికి గంటసేపు గడ్డిపెట్టాడు. కదలికని వెనక్కి తిప్పి వాడుకోవడం దొంగపని అన్నాడు. కూర్చునేటప్పుడు మనిషి తన బరువంతా కుర్చీకి అప్పగిస్తాడు. లేచేటప్పుడు కుర్చీ దాన్ని తిరిగివ్వదు. తనే ముందుకి వంగి, పాదాల మీదికి తెచ్చుకోవాలి. కూర్చోవడాన్ని తిరగేస్తే లేవడం అయిపోదు. ఇరవై ఏళ్లుగా ప్రతి బ్యాచ్‌కీ ఆయన తప్పకుండా చెప్పే పాఠం ఇదే.

ఆ గదిని పక్కగదితో కలిపేస్తున్నామని బిల్డింగు ఓనరు చెప్పాడు. పదిరోజుల గడువిచ్చాడు. నేర్చుకునేవాళ్లు ఆ పూటే ఒక్కొక్కరుగా జారుకున్నారు. ఏడు కంప్యూటర్ల మధ్య మాస్టారు ఒక్కడే ఉసూరుమంటూ కూర్చున్నప్పుడు వీధి చివరి టైలరమ్మ మెట్లెక్కి వచ్చింది. యాభై ఐదేళ్లుంటాయి. మెడలో టేపు తీయడం కూడా మర్చిపోయింది.

ఆమె భర్త పోస్టుమాన్. ముప్ఫై ఏళ్లు వీధులు కొలిచిన కాళ్లు ఏడు నెలల కిందట పక్షవాతంతో ఆగిపోయాయి. కుర్చీలో కూర్చోబెడితే కూర్చుంటాడు, పడుకోబెడితే పడుకుంటాడు. లేపడం మాత్రం ఆమెవల్ల కాదు. పొద్దునా సాయంత్రం మరిది వచ్చి లేపి వెళ్తున్నాడు. అతనికి ఇప్పుడు వేరే ఊరికి బదిలీ అయింది. అందుకని వచ్చే ఒకటో తారీఖున పోస్టుమాన్‌ని ఒక సంరక్షణ కేంద్రంలో చేర్చాలని అందరూ కలిసి తేల్చేశారు. ఆ అందరిలో ఆమె లేదు.

"ఆయన పరుగెత్తక్కర్లేదు మాస్టారూ. లేచి నిలబడితే చాలు. మిగతాది నేను చూసుకుంటాను. మీరే చేసిపెట్టండి" అంది.

మాస్టారు తన వల్ల కాదన్నాడు. ఎందుకు కాదో చెప్పలేదు. నేర్పమంటే మాత్రం నేర్పుతానన్నాడు.

టైలరమ్మ ఫోన్‌లో పదకొండు సెకన్ల వీడియో ఉంది. ఎవరో కస్టమరు తను కుట్టించుకున్న కోటుని వీడియో తీసుకుంటుంటే, వెనకాల పోస్టుమాన్ సంచీతో వచ్చి, కొట్లో కుర్చీ ముందు ఒక క్షణం నిలబడి, అరచేత్తో కుర్చీని తుడిచి కూర్చున్నాడు. దర్జీ ఇంట్లో కుర్చీల్లో పిన్నులుంటాయి. పెళ్లయిన కొత్తలో ఒకసారి అనుభవమైంది కాబట్టి, ఆనాటినుంచి ఆయన తుడవకుండా ఎక్కడా కూర్చోలేదు. పోస్టాఫీసులోనూ అంతే. కూర్చున్నాక హమ్మయ్య అన్నట్టు ఊపిరి వదిలాడు. అక్కడితో వీడియో అయిపోయింది. ఆ కస్టమరు ఇంకాసేపు తన కోటు చూసుకుని మురిసిపోయి ఉంటే పోస్టుమాన్ లేచేవాడే.

మొదటిరోజు ఆమె మౌస్‌ని ఇస్త్రీపెట్టెలాగా నొక్కిపట్టింది. బాణం గుర్తు ఎటు పోయిందో వెతుక్కోవడానికే పూట గడిచింది. రెండోరోజు గుండోడి చెయ్యి తిప్పబోయి తల తిప్పింది. సెకనుకి ఇరవై నాలుగు ఫ్రేములు, అన్నీ మనం చెయ్యక్కర్లేదు, ముఖ్యమైన భంగిమలు మనం పెడితే మధ్యవి కంప్యూటరు నింపుతుంది అని మాస్టారు ఎన్నిసార్లు చెప్పినా ఆమె తలూపిందే గానీ తలకెక్కలేదు. చివరికి ఆయన ఆమె మెడలోని టేపు చూసి, "మీరు ముందు దూరందూరంగా కచ్చా కుట్టు వేసుకుంటారు కదమ్మా. తర్వాత మిషన్ దాని వెంటే పోతుంది. ఇదీ అంతే" అన్నాడు.

"ఈ ముక్క నిన్ననే చెబితే ఒకరోజు కలిసొచ్చేది కదా" అంది టైలరమ్మ. ఆ తర్వాత ఆమె చెయ్యి ఆగలేదు.

మూడోరోజు మరిది ఫోన్ చేశాడు. అన్నయ్య మోకాలు వెనక్కి వంగుతోందనీ, అక్కడ ఏం చేస్తున్నారో ఒకసారి చూసుకోమనీ అన్నాడు. ఆమె కంగారుగా చెరిపేసి, మళ్లీ మొదటినుంచీ మొదలుపెట్టింది. ఐదోరోజు సాయంత్రం మరిది అన్నగారిని మంచం మీంచి లేపి కుర్చీలోకి దించబోతే, దించాల్సిన పనే లేకపోయింది. ఏడు నెలల తర్వాత పోస్టుమాన్ వెనక్కి చెయ్యి చాపి, కుర్చీని తుడిచి, తనంతట తాను కూర్చున్నాడు. ఊపిరి కూడా వదిలాడట. ఆ మాట టైలరమ్మ మాస్టారికి రెండుసార్లు చెప్పింది.

ఇక లేవడమే. కానీ మాస్టారు లేవడం జోలికి పోనివ్వలేదు. ఆరోరోజు తుంటి ఇంకా సరిగ్గా ఆగడం లేదన్నాడు. ఏడోరోజు మడమలు జారుతున్నాయన్నాడు. ఎనిమిదోరోజు కూర్చున్నాక భుజాలు స్థిమితపడటానికి ఇంకో ఆరు ఫ్రేములు కావాలన్నాడు. ఆమె మౌస్ వదిలేసింది.

"మాస్టారూ, ఏడు నెలలుగా ఆయన కూర్చునే ఉన్నాడు. కూర్చోవడం నాకెందుకు? నాకు లేవడం కావాలి."

మాస్టారు అద్దం వైపు తిరిగాడు. ఎవరికీ చెప్పని సంగతి అప్పుడు చెప్పాడు. వాళ్లమ్మ ఆరేళ్ల కిందట జారిపడి మంచాన పడింది. ఆయన ఈ గదిలోనే కూర్చుని, ఆమె పాత వీడియో చూసి నడక చేశాడు. బ్రహ్మాండంగా కుదిరింది. చివరి అడుగుని మొదటి అడుగుతో అతుకు తెలియకుండా కలిపేశాడు. అలా కలిపితే నడక చక్రంలా తిరుగుతూ పోతుంది. పనిలో పడి ఆ చక్రానికి ఆగడం పెట్టాలన్న సంగతే మర్చిపోయాడు. ఇంటికెళ్లేసరికి వాళ్లమ్మ నడుస్తోంది. గుమ్మం దాటింది, వీధి దాటింది. పట్టుకుని ఆపితే చేతుల్లోనే నడిచింది. గోడకి ఎదురుగా నిలబెడితే గోడకి తగిలి అక్కడే నడిచింది. ఏడుస్తూనే నడిచింది. ఆయన బస్సెక్కి ఇక్కడికొచ్చి ఫైలు చెరపడానికి నలభై నిమిషాలు పట్టింది. చెరిపాక ఆమె ఎక్కడిదక్కడే కూలిపోయింది. మళ్లీ లేవలేదు.

"అప్పటినుంచీ ఎవరికైనా ముందు ఆగడమే నేర్పుతున్నాను" అన్నాడు.

టైలరమ్మ కళ్లు తుడుచుకుంది. "మీ అమ్మగారికి ఆగడం రాలేదు. మా ఆయనకి మొదలుపెట్టడం రావడం లేదు. మీ భయానికి నా రోజులు ఖర్చు పెట్టకండి మాస్టారూ" అంది.

ఆ మాట ఆయనకి సూటిగా తగిలింది. అప్పటికే ఎనిమిది రోజులు అయిపోయాయి.

తొమ్మిదోరోజు లేవడానికి కూర్చున్నారు. వీడియోలో లేనిది గుర్తు తెచ్చుకుని చెయ్యాలి. ముందు ఏ చెయ్యి ఆనుతాడు, ఏ కాలు వెనక్కి లాగుతాడు అని మాస్టారు అడిగాడు. టైలరమ్మ కళ్లు మూసుకుంది. ఆయన వచ్చి కూర్చోవడం ఆమెకి అంగుళం అంగుళం తెలుసు. ఆ రాక కోసం రోజూ గుమ్మం వైపు చూసేది కాబట్టి. ఆయన లేచేటప్పుడు మాత్రం ఆమె కళ్లు సూది మీద ఉండేవి. ముప్ఫై ఏళ్లలో వేలసార్లు ఆమె పక్కనుంచే లేచి వెళ్లాడు. ఒక్కసారీ తలెత్తి చూడలేదు. అద్దం ముందు తను లేచి చూసి చేస్తే అది తన లేవడమే అయింది. మరిదిని తలుచుకుని చేస్తే అక్కడ ఆఫీసులో మరిది ఊరికే లేచి నిలబడ్డాడట. పోస్టుమాన్‌కి ఏదీ అంటలేదు. ఒక భార్యకి మొగుడు ఎలా లేస్తాడో తెలియకపోవడమేమిటని ఆమె తలబాదుకుంది.

పదోరోజు మధ్యాహ్నం రెండింటికి పనివాళ్లు సమ్మెటలతో వచ్చి పక్కగది వైపునుంచి గోడ కొట్టడం మొదలుపెట్టారు. దెబ్బ దెబ్బకీ అద్దం అదిరింది. కీబోర్డుల మీద సున్నం రాలింది. మర్నాడే ఒకటో తారీఖు. టైలరమ్మ ఇరవయ్యోసారో ముప్ఫయ్యోసారో గుండోడి పాదం వెనక్కి లాగి, అది కూడా కాదని తెలుసుకుని, బల్ల మీద తల పెట్టేసింది. ఏడవను కూడా లేదు.

మాస్టారు ఆమె పక్కకి కుర్చీ లాక్కున్నాడు. ఆరేళ్లుగా మనిషిని చూసి చేసిన కదలిక మీద పెట్టని చేత్తో మౌస్ పట్టుకున్నాడు. ఎనిమిది రోజులు చెక్కిన కూర్చోవడాన్ని తెరిచి, దానికి ముందున్న నడకని కత్తిరించి పారేసి, మిగిలిన భంగిమలన్నీ ఎంచుకుని, వెనక్కి తిప్పేశాడు.

"అది దొంగపని కదా" అంది ఆమె తలెత్తి.

"దొంగపనే" అన్నాడు.

గుండోడు లేచాడు. ముందుకి వంగలేదు, పాదాలు లాక్కోలేదు. ఎవరో చంకల్లో చేతులు వేసి ఎత్తినట్టు నిటారుగా పైకొచ్చి నిలబడ్డాడు. క్లాసులో ఎవరైనా అలా చేసి ఉంటే మాస్టారు బయటికి పంపేసేవాడు. ఆయన చివరి భంగిమని అక్కడే బిగించి, ఆగుతోందో లేదో ఒకటికి నాలుగుసార్లు చూశాడు. గోడలోంచి మొదటి ఇటుక గదిలోకి ఊడిపడే సమయానికి లేవడాన్నీ కూర్చోవడాన్నీ రెండింటినీ చెరిగిపోకుండా పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించేశాడు. ఆ వెంటనే కరెంటు తీసేశారు.

ఇద్దరూ దాదాపు పరుగున వీధి చివరికి వెళ్లారు. మెట్ల దగ్గర లాండ్రీ కొట్టాయన ఏమైందని అడిగినా ఆగలేదు. కుట్టుమిషన్ పక్క కుర్చీలో పోస్టుమాన్ కూర్చుని ఉన్నాడు. కాళ్ల దగ్గర మరిది సర్దిపెట్టిన బట్టల సంచీ ఉంది. సంచీ మీద పేరు రాసిన చీటీ కూడా కట్టేశాడు.

పోస్టుమాన్ గుమ్మంలో భార్యని చూశాడు. ముందు ఊపిరి లోపలికి పీల్చుకున్నాడు. తర్వాత వంగకుండా, దేన్నీ పట్టుకోకుండా, తిన్నగా పైకి లేచాడు. ఇన్నాళ్లూ తనకి అప్పగించిన బరువుని కుర్చీయే తిరిగి చేతికిచ్చినట్టు లేచాడు. లేచాక చెయ్యి వెనక్కి చాపి, ఖాళీ కుర్చీని అరచేత్తో తుడిచాడు. అంతే, అలాగే నిలబడ్డాడు.

మాస్టారు గుమ్మం పట్టుకుని ఆయన కాళ్లకేసే చూస్తున్నాడు. ఆ కాళ్లు ఇంక కదలలేదు. పోస్టుమాన్ ఆగాల్సిన చోట ఆగాడు. టైలరమ్మ వెళ్లి ఆయన నడుం చుట్టూ చెయ్యి వేసింది. మరిది సంచీకి కట్టిన చీటీ విప్పి, "చొక్కాలు బీరువాలో పెట్టెయ్యనా వదినా?" అని అడిగాడు.

ఆ తర్వాత పోస్టుమాన్ బతికినన్నాళ్లూ అలాగే లేచాడు. లేచిన ప్రతిసారీ కుర్చీ తుడిచాడు.

ఆరోజు మాత్రం, గుమ్మం పట్టుకుని నిలబడ్డ కొత్తమనిషిని చూసి, వంకరపోయిన మూతితోనే కుర్చీ చూపించి, "కూర్చో బాబూ" అన్నాడు. మాస్టారు వెళ్లి కూర్చున్నాడు. ఒక్క పిన్నూ గుచ్చుకోలేదు. అక్కడే, అందరి ముందూ, అమ్మా అంటూ ఏడ్చాడు.