పూసల చిలక పక్కన

నేను ఒక ఈజిల్‌ని. బొమ్మ వేసేటప్పుడు కాన్వాసును నిలబెట్టే చెక్క స్టాండుని. బందరులో పడవలు కట్టే వడ్రంగి ఒకడు మిగిలిపోయిన టేకుతో నన్ను చేశాడు. పడవలు చేసే చేతికి నాజూకు తెలియదు. నేను మొరటుగా పుట్టాను, గట్టిగా పుట్టాను.

నా మొదటి యజమాని ఒక డ్రాయింగు మాస్టారు. జమీందార్ల బొమ్మలు వేసేవాడు. బట్టతలకు జుట్టు, పిరికివాడి నడుముకు కత్తి. అద్దాన్ని తిట్టుకునే మనుషులు బొమ్మకు దండ వేయడం అక్కడే చూశాను. చూపు మందగించాక ఆయన నన్ను తన శిష్యురాలు సీతారత్నానికి ఇచ్చేశాడు. ఆవిడ ఆడపిల్లల బడిలో పువ్వులూ లతలూ వేయడం నేర్పే టీచరు. ఇంటికొచ్చాక వాటి జోలికి పోయేది కాదు.

ఒక ఏడు ఆవిడ వేసింది మిరపకాయల కళ్ళం. ఎర్రటి కుప్పలో కూర్చుని తాలు కాయలు ఏరే ఆడకూలి. ముఖం ఆకుపచ్చ. చేతులు ఒంటికి మించి పెద్దవి. రంగు మెత్తినట్టు దట్టంగా ఉంటుంది. అలాంటి బొమ్మ మా ఊళ్ళో అంతకుముందు ఎవరూ చూడలేదు.

టౌనుహాల్లో చిత్రకళా ప్రదర్శన పెట్టారు. పెద్ద హాల్లో మగవాళ్ళ బొమ్మలు, మద్రాసు నుంచి వచ్చిన జడ్జీలు, పతకాలు. వెనక గదిలో స్త్రీల విభాగం. ఊలు అల్లికలు, చేపపొలుసుల పువ్వులు, పూసల చిలకలు. గుమ్మానికి తెర. జడ్జీలు ఆ గడప తొక్కరు. కలెక్టరుగారి భార్య వచ్చి, నచ్చినదానికి రిబ్బను కట్టి, వెండి కుంకుమ భరిణె ఇచ్చి వెళ్తుంది.

సీతారత్నం బొమ్మను నాతో సహా పూసల చిలక పక్కన పెట్టారు.

ప్రదర్శన సెక్రటరీ దక్షిణామూర్తి పంతులుగారు నవ్వుతూ వచ్చాడు. "మొదటి బహుమతి మీదేనమ్మా! కలెక్టరమ్మగారు ఖాయం చేసేశారు."

"ఎవరి మీద గెలిచానండీ? ఈ చిలక మీదా?"

"ఎవరి మీదైతే ఏం? భరిణె బరువుగానే ఉంటుంది."

"భరిణె మీ ఇంట్లోవాళ్ళకి ఇచ్చుకోండి. నా బొమ్మ హాల్లో పెట్టించండి."

"అక్కడ పెడితే ఓడిపోతారు తల్లీ!"

"ఓడితే ఓడతాను. వాళ్ళతోనే ఓడతాను."

"గోడ మీద జాగా లేదమ్మా..."

"మిమ్మల్ని గోడ ఎవరడిగారు?"

బొమ్మను చంకన పెట్టింది. నన్ను భుజాన వేసుకుంది. తెర ఒక్క లాగు లాగి హాల్లోకి నడిచింది. సరిగ్గా జడ్జీలు వచ్చే దారికి అడ్డంగా నన్ను నిలబెట్టి, బొమ్మ ఎక్కించి, పక్కన చేతులు కట్టుకుని నిలుచుంది. పంతులుగారు చెమటలు తుడుచుకుంటూ వెనకే పరుగెత్తాడు.

చేతికర్ర ఉన్న పెద్ద జడ్జి నా ముందు ఆగాడు. "ఎవడయ్యా వేసింది?"

"నేనండి."

"మనిషి ముఖం ఆకుపచ్చగా ఉంటుందా?"

"పొద్దుట్నుంచీ ఆ ఘాటులో కూర్చుని చూడండి. మీ ముఖం ఏ రంగుకి తిరుగుతుందో!"

ఎవరో కిసుక్కున నవ్వారు. "ఇప్పుడే తీయించేస్తానండి," అని పంతులుగారు నా మీద చెయ్యి వేశాడు. జడ్జి కర్ర ఎత్తాడు. నా పని అయిపోయిందనుకున్నాను.

"ఉండవయ్యా. చూస్తున్నానుగా."

చూశాడు. చాలాసేపు చూశాడు. మార్కు వేసి కదిలాడు.

సాయంత్రం ఫలితాలు బోర్డు మీద రాశారు. సీతారత్నం పేరు అట్టడుగున ఉంది.

"చెప్పానా?" అన్నాడు పంతులుగారు. "భరిణె కూడా పోయె."

ఆవిడ బోర్డు పైనుంచి కింద దాకా చదివింది. పకపకా నవ్వింది. "చివరిదాన్నే పంతులుగారూ. ఎవరి చివర ఉన్నానో చూశారా?"

మరుసటేడు అదే హాల్లో ముగ్గురు ఆడవాళ్ళు బొమ్మలు పెట్టారు. జాగా ఎక్కడి నుంచి వచ్చిందో గోడనే అడగాలి.

ఇప్పుడు ఆవిడ లేదు. నేనూ ఆ బొమ్మా ఒక మ్యూజియంలో, ఆధునిక చిత్రకళ గదిలో ఉన్నాం. ఆ ఏడు పతకాలు కొట్టిన బొమ్మలు ఏ అటక మీద ఉన్నాయో తెలియదు. జనం మాత్రం ఆకుపచ్చ ముఖం ముందు ఆగుతారు. కింద అట్ట మీద, 'ఆడవాళ్ళలో మొదటి ఆధునిక చిత్రకారిణి' అని గొప్పగా రాశారు. పాపం, మంచి మనసుతోనే రాసి ఉంటారు. ఆవిడ వద్దని విసిరికొట్టిన బహుమతినే మళ్ళీ తెచ్చి చేతిలో పెట్టారు.

నన్ను అడిగితే ఆ అట్ట తీసేసి, 'అందరిలో చివర' అని రాయమంటాను. ఆవిడ కొట్లాడి తెచ్చుకున్న స్థానం అది.