పెట్టె మూతకి ఒక్క కుట్టు

కౌసల్యమ్మ కాఫీ లేకుండానైనా బతుకుతుందేమో గానీ, సూది పట్టకపోతే ఆవిడ వేళ్లు ఊరుకోవు. దిల్‌సుఖ్‌నగర్‌లో కూతురు సూర్యప్రభ ఫ్లాట్ బాల్కనీలో కూర్చుని, అరిగిపోయిన హవాయి చెప్పు ఒళ్లో పెట్టుకుని, దానిమీద అట్ట పరిచి, ముందు సూదితో చిల్లులు పొడుస్తుంది. తరవాత వాటిలోంచి రంగుదారం తీసి పువ్వో పిట్టో కుడుతుంది. పుట్టినరోజులకీ పెళ్లిరోజులకీ కాలనీ మొత్తానికి ఆవిడ కార్డులే.

చిల్లులు మాత్రం ఆవిడ మాట వినవు. సాయంత్రం గులాబీకని పొడిచి పడుకుంటే, తెల్లారేసరికి తమకు తోచిన చోటికి జరిగి కూర్చుంటాయి. ఆవిడ వాటి వెంట దారం తీసుకుంటూ పోతుంది, అంతే. ఏ బొమ్మ పూర్తయితే అది జరుగుతుంది. ఎదురు పోర్షన్ రాములమ్మ కొడుకు పెళ్లిరోజుకి నెమలి కుట్టబోతే రెండు ఊయలలు వచ్చాయి. ఏడాది తిరక్కుండా కవలలు. వాళ్లిద్దరూ ఒకేసారి ఏడిస్తే ఎల్బీనగర్ చౌరస్తాలో బస్సులు ఆగిపోతాయి. ఇదేమిటని ఎవరూ అడగలేదు. "జర మంచిగ రానియ్యి అక్కా" అని మాత్రం చెప్పి పోయేవాళ్లు, దర్జీకి జాకెట్టు గుడ్డ ఇచ్చినట్టు.

మనవరాలు తన్మయికి తొమ్మిదో పుట్టినరోజు వచ్చింది. కేకు బొమ్మకని చిల్లులు పొడిచి పడుకుంది కౌసల్యమ్మ. పొద్దున్నే ఎర్రదారంతో మొదలుపెడితే డేరా వచ్చింది. డేరాలో పెట్టె వచ్చింది. పెట్టెలో రెండు జడల పిల్ల వచ్చింది. అచ్చం పొద్దున ఆవిడ తన్మయికి వేసిన జడలే. ఇంకొక్క కుట్టు వేస్తే పెట్టె మూత పడుతుంది. సూది అక్కడే ఆగిపోయింది.

"సర్కస్ వద్దు మురళీ" అంది అల్లుడితో.

"టికెట్లు తీసేశానత్తయ్యా. ముందు వరస. మీక్కూడా" అన్నాడు మురళీకృష్ణ, ఏనుగుని కొన్నంత గర్వంగా.

"పిల్లకి ఒళ్లు వెచ్చగా ఉంది."

"నాకేం లేదు!" అని తన్మయి సోఫా మీంచి దూకి మరీ చూపించింది.

బొమ్మ సంగతి పైకి చెప్పడానికి ఆవిడకి నోరు రాలేదు. పైకి అంటే నిజమైపోతుందేమోనని భయం. కార్డుని ఇంట్లో వదలడానికీ భయమే. వేలాడుతున్న సూదితో సహా బ్యాగులో పెట్టుకుని బయల్దేరింది.

సరూర్‌నగర్ స్టేడియం పక్కన వేసిన డేరా ఎంత పెద్దదంటే, అది లేచిన రోజు నించీ చెరువుకి సగం ఆకాశం కనపడటం మానేసింది. లోపల తాళ్లన్నీ ఎర్రవే. ఉయ్యాలలమ్మాయిలు అటూ ఇటూ ఎగురుతుంటే జనం ఈలలేశారు. కౌసల్యమ్మ పైకి చూడలేదు. రెండు గంటలసేపు పిల్ల మణికట్టు పట్టుకుని కూర్చుంది. షుగర్ మనిషి, ఎంతసేపని బిగపట్టుకుంటుంది?

"ఇప్పుడే వస్తా. దీన్ని కదలనివ్వకు" అని బ్యాగు కూతురి ఒళ్లో పెట్టింది.

"దేన్నమ్మా, బ్యాగునా, పిల్లనా?"

"రెంటినీ."

తిరిగొచ్చేసరికి కుర్చీలో పిల్ల లేదు. రింగు మధ్యలో మెజీషియన్ పక్కన నిలబడి తన్మయి చెయ్యి ఊపుతోంది. తర్వాత పెట్టెలోకి దిగింది.

"అమ్మా, కార్డెంత బావుందో!" అంది సూర్యప్రభ. "చివరి కుట్టు మర్చిపోయావు, కళ్లు కనపడక. నేను వేసేశాలే."

రింగులో మూత పడింది.

మెజీషియన్ కర్ర ఊపి మూత తీశాడు. పెట్టె ఖాళీ. జనం చప్పట్లు కొట్టారు. మూసి మళ్లీ తీశాడు. ఖాళీ. చప్పట్లు కాస్త తగ్గాయి. మూడోసారి తీసి, తనే లోపలికి చెయ్యి పెట్టి అడుగంతా తడిమాడు. బ్యాండువాళ్లు వాయించిందే వాయిస్తున్నారు.

"అబ్బ, ఏం ట్రిక్కండీ!" అని ఫోన్లో తీస్తున్నాడు మురళీకృష్ణ.

కౌసల్యమ్మ కార్డు లాక్కుంది. సూర్యప్రభ ఏదైనా పద్ధతిగా చేసే మనిషి, వెనకవైపు మూడు ముళ్లు వేసింది. ఆవిడ పళ్లతో కొరికింది. ఉన్నవే ఆరు పళ్లు, ఆ పూట అరవై పళ్ల పని చేశాయి. ముడి తెగింది. మూత కుట్టుతో ఆగకుండా, భయం కొద్దీ పిల్ల బొమ్మ దారమంతా సర్రున లాగేసింది.

పెట్టెలోంచి తన్మయి లేచి నిలబడింది. డేరా కూలేంత చప్పట్లు.

"అమ్మమ్మా, లోపల చాలా చోటుంది" అంది పిల్ల, వచ్చి పక్కన కూర్చుంటూ. చేతులు మంచులా ఉన్నాయి.

బయట ఆటో కోసం నిలబడ్డప్పుడు దీపాల వెలుగులో చూసింది కౌసల్యమ్మ. తన్మయి నీడ నిండా సన్నటి వెలుగు చుక్కలు. దారం తీసేశాక అట్ట మీద మిగిలిన చిల్లుల్లాగే, తొమ్మిది.

మర్నాడు బాల్కనీ ఎండలో ఎనిమిదే ఉన్నాయి. తొమ్మిదో చుక్క ఉన్నచోట దారం కుట్టినట్టు ఎర్రగా ఉంది.

"సూర్యా, రాత్రి సూది పట్టుకున్నావా?"

"నాకదే పనా అమ్మా?"

ఆ మర్నాటికి ఏడు. నీడకి అటువైపు నించి ఎవరో, తీరిగ్గా, రోజుకొక్కటి కుట్టుకుంటూ వస్తున్నారు. వాళ్లకి తొందరేమీ లేనట్టుంది.

కౌసల్యమ్మ నల్లదారం నాలుగు పేటలు చేసి సూదికెక్కించింది. యూనిఫాంలో ఉన్న పిల్లని ఎండలో నిలబెట్టి, నేలమీది నీడ అంచుని తన పైట కొంగుకి పెట్టి కుట్టడం మొదలుపెట్టింది.

"అత్తయ్యా, స్కూలు బస్సొచ్చే టైమైంది" అన్నాడు మురళీకృష్ణ.

"కదలకే బంగారం. ఒక్క నిమిషం."

ఎదురింటి గుమ్మంలోంచి రాములమ్మ తొంగి చూసింది. "ఏంది అక్కా, పిల్ల నీడ కుడుతున్నవా?"

"ఆఁ. తీసుకెళ్లేవాళ్లు ఇద్దర్నీ కలిపి తీసుకెళ్లాలి. నన్ను లేపడం వాళ్ల తాతల తరం కూడా కాదు."

"మంచిగ గట్టిగ కుట్టు మరి" అని రాములమ్మ లోపలికి పోయింది, పాలు పొంగుతున్నాయని.

ఆ రోజు నించీ ఏడు చుక్కలూ ఏడుగానే ఉన్నాయి. కొంగు విప్పడం మాత్రం ఇక కుదరలేదు. తన్మయి క్లాసులో చివరి బెంచీ మీద ఇప్పుడిద్దరు కూర్చుంటారు. హాజరు పిలిస్తే ఇద్దరూ "ప్రెజెంట్ మేడం" అంటారు. లెక్కల్లో కౌసల్యమ్మకే ఎక్కువ మార్కులు. ఒక్కో మధ్యాహ్నం గాలి లేకుండానే కొంగు బిగుసుకుని, నేలలోకి లాగినట్టవుతుంది. అప్పుడావిడ పుస్తకం మూసేసి, ఒక చేత్తో పిల్లనీ ఇంకో చేత్తో బెంచీనీ గట్టిగా పట్టుకుంటుంది. బోర్డు మీద రాస్తున్న టీచరు బెంచీ కిర్రుమనడం వింటుంది గానీ, వెనక్కి తిరగదు.