తిప్పి వేసిన ఊరు

మా స్టూడియోలో ఒక ఊరుంది. పదడుగుల ఎత్తు, పద్నాలుగడుగుల వెడల్పు గుడ్డ మీద మా మావయ్య పాతికేళ్ల వయసులో వేసిన తెర అది. ఒక నది, దాని మీద రాతి వంతెన, వంతెన అవతల గడియారం బురుజు, నీళ్లలో రెండు పడవలు. ఒక్కసారైనా చూడాలని లోకమంతా ఉవ్విళ్లూరే ఆ నగరాన్ని మావయ్య ఎన్నడూ చూడలేదు. దాని ఫొటో ఉన్న ఒక పోస్టుకార్డు ముందు పెట్టుకుని మూడు నెలలు కూర్చుని వేశారు. మా దగ్గర జనం దాన్ని గడియారం ఊరు అంటారు. కొత్తగా పెళ్లయినవాళ్లు వచ్చి, గడియారం ఊళ్లో ఒక ఫొటో తియ్యండి అని అడుగుతారు. ఆ గడియారంలో టైము ఎప్పుడూ పదీ పదే. అంచేత మా చుట్టుపక్కల దంపతులంతా పదీ పదికే పక్కపక్కన నిలబడి నవ్వారు.

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చి ముప్ఫై ఏళ్లయింది. మా ఆయన ఫొటోలు తీస్తారు, నేను టచప్ చేస్తాను. మొటిమలు, చొక్కా ముడతలు, నిద్రలేని కళ్ల కింది నలుపు, అన్నీ నా చేతిలోనే మాయమవుతాయి. ముందు సన్న బ్రష్షుతో చేసేదాన్ని, ఇప్పుడు కంప్యూటర్లో. పనిలో అబద్ధం చెప్పేదాన్ని కాబట్టేమో, నోటితో చెప్పడం నాకు చేతకాదు. మావయ్య నాకు సూది అని పేరు పెట్టారు. ఆయన వండిన కూరలో ఉప్పెక్కువైతే ఇంట్లో అందరూ నీళ్లు తాగి ఊరుకుంటారు, నేను చెప్పేస్తాను.

నిరుడు ఎదురు వీధి దర్జీ భార్యని తీసుకుని ఆ నగరానికి వెళ్లొచ్చాడు. మా తెర ముందు పెళ్లి ఫొటో దిగినవాడే. రాగానే స్టూడియోకి వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. నది బురద రంగులో ఉందట, వంతెన మీద అడుగు తీసి అడుగు వేసే చోటు లేదట, బురుజు మా తెర మీద ఉన్నంత పొడుగే లేదట. చివర్లో ఒక మాటన్నాడు.

"మీ బొమ్మ చూసే కదా ముప్ఫై ఏళ్లు ఆశపడ్డాను. మీరు మమ్మల్ని మోసం చేశారండీ."

నవ్వుతూనే అన్నాడు. కానీ మావయ్య నవ్వలేదు. అప్పటికే ఆయన చూపు బాగా పోయింది. వెలుగెటుందో, చీకటెటుందో తెలుస్తుంది, అంతే. రెండు రోజులు ముభావంగా ఉండి, మూడో రోజు పొద్దున్న ఆ తెర తీసేయమన్నారు. మా ఆయన బతిమాలారు, నేను కసిరాను, ఫలితం లేదు. ఆఖరికి ఒక మెట్టు దిగారు. సూది వెళ్లి చూసి రావాలి, అక్కడ ఉన్నదాన్నే నేను వేశానని అది చెబితే తెర ఉంటుంది, లేదంటే సున్నం కొట్టేయండి అన్నారు. ఆయన జీవితంలో పేరు చెప్పుకుని చూపించుకోదగ్గ పని అదొక్కటే. దాని ప్రాణం నా నోట్లో పెట్టి పంపారు.

రైల్లో మా ఆయన నా చెవిలో ఇల్లు కట్టుకుని పోరారు. ఎలా ఉన్నా సరే, అచ్చం మీరు వేసినట్టే ఉందని చెప్పు, చూపు పోయిన మనిషి దగ్గర నిజాయితీ చూపించి ఏం బావుకుంటావు అని. చూద్దాం లెండి అన్నాను. నిజానికి నాకు భయం లేదు. అక్కడ దిగితే మా హాల్లోకి వెళ్లినట్టే ఉంటుందనుకున్నాను. ఆ వంతెనకి కమాన్లెన్నో, ఏ కమాను కింద ఏ పడవుంటుందో నాకు కంఠతా వచ్చు.

దారి ఎవరినీ అడగనివ్వలేదు. వంతెన దాటి ఎడమకి తిరిగితే బురుజు, నాకు తెలియదా అని మా ఆయన చెయ్యి పట్టుకుని లాక్కుపోయాను. గంటసేపు నడిచాం. గిడ్డంగులు వచ్చాయి, బస్సుల షెడ్డు వచ్చింది, బురుజు రాలేదు. కాళ్లు పీకుతుంటే మా ఆయన ఒక పూలమ్మే ఆవిణ్ణి అడిగారు. ఆవిడ మేం వచ్చిన వైపే చెయ్యి చూపించింది. వంతెన దాటగానే కుడికి తిరగాలట.

అప్పుడు నాకు వెలిగింది. మావయ్య ఊరు మొత్తాన్ని అద్దంలో చూసినట్టు అటుదిటు వేశారు. కుడి ఎడమైంది. తెర మీది పడవలు కూడా ఎదురు దిక్కుకి పోతున్నట్టే. దర్జీ చెప్పినవన్నీ కొట్టిపారేయొచ్చు, బురద అంటాం, జనం అంటాం. దీన్నేమంటాం? మా ఆయన మాత్రం, ఆ మాట నీ నోట రాకూడదు, అంతే అన్నారు. వచ్చిన దారినే వెనక్కి నడిచాం.

తీరా వెళ్తే బురుజు లేదు. ఉంది, కానీ కనపడదు. మరమ్మతులట, రెండేళ్లు పడుతుందట. చుట్టూ కట్టిన పరంజా మీద పైనుంచి కింది దాకా పెద్ద గుడ్డ కప్పి, దాని మీద అదే బురుజు బొమ్మ అచ్చు వేశారు. జనం దాని ముందు వరసలో నిలబడి ఫొటోలు దిగుతున్నారు. ఎక్కడెక్కడినుంచో విమానాలెక్కి వచ్చినవాళ్లు, మా స్టూడియోకి వచ్చేవాళ్లలాగే భుజాలు సర్దుకుని, గుడ్డ ముందు నవ్వుతున్నారు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మేమూ వరసలో నిలబడి ఒకటి దిగాం.

ఇంటికి వచ్చేసరికి మావయ్య స్టూడియోలో తెర ముందు స్టూలు మీద కూర్చుని ఉన్నారు. మా ఆయన నా వైపు చూసి కళ్లతోనే దణ్ణం పెట్టారు. నేను చెప్పులైనా విప్పకుండా వెళ్లి ఆయన ఎదురుగా కూర్చున్నాను. ఇంకో గంట ఆగితే ధైర్యం చాలదని తెలుసు.

"మావయ్యా, మీరు తప్పు వేశారు. బురుజు వంతెనకి కుడి పక్కనుంది. మీరు ఎడమ పక్కన పెట్టారు. ఊరంతా అటుదిటైంది."

మా ఆయన తల పట్టుకున్నారు. మావయ్య ముఖం కిటికీ వైపు తిప్పారు. మా స్టూడియోలో వెలుగొచ్చే కిటికీ ఒక్కటే, ఎడమ గోడకుంది.

"ఆ పోస్టుకార్డులో ఎండ కుడినుంచి పడుతోందమ్మా. ఉన్నదున్నట్టు వేస్తే మనుషుల నీడ ఒకవైపు, బురుజు నీడ ఒకవైపు పడుతుంది. చూసిన ప్రతివాడికీ అది గుడ్డేనని తెలిసిపోతుంది. ఊరిని తిప్పగలం గానీ, కిటికీని తిప్పలేం కదా."

ఇన్నేళ్లుగా వెళ్లొచ్చినవాళ్లలో ఒక్కరూ ఆ మాట చెప్పలేదన్నారు. బాగుందన్నవాళ్లు చెప్పలేదు, మోసమన్న దర్జీ కూడా చెప్పలేదు. చూసినవాళ్లెవరైనా వచ్చి చెబుతారని కనిపెట్టుకుని కూర్చున్నారట. నాకు సిగ్గేసింది. ముప్ఫై ఏళ్లుగా ఆ తెర ముందున్న ముఖాల మీద ఎడమనుంచి పడే వెలుగు దిద్దుతూ, బురుజు మీద కూడా ఎడమనుంచే పడుతోందని ఒక్కనాడూ అనుకోలేదు.

అయితే తెర మాటేమిటని ఆయనే అడిగారు. అక్కడున్నదాన్నే వేశానా, లేదా, సూటిగా చెప్పమన్నారు. నేను బురుజును చూడనే లేదని చెప్పాను. పరంజా గురించి, దాని మీద కప్పిన గుడ్డ గురించి, దాని ముందు వరస గురించి ఉన్నదున్నట్టు చెప్పాను. మేమూ దిగామని ఒప్పుకున్నాను. ఆయన ఒకటే అడిగారు.

"ఆ గుడ్డ మీద నీడ ఎటు పడింది?"

ఫోను తీసి మా ఫొటో పెద్దది చేసి చూశాను. మా ముఖాల మీద ఎండ కుడినుంచి పడుతోంది. గుడ్డ మీది బురుజుకి ఎడమనుంచి. మా వెనక అది అంటించిన కాగితంలా ఉంది. అదే చెప్పాను.

"అయ్యో, తిప్పి వెయ్యాల్సింది," అన్నారు మావయ్య.

అని లేచి, తడుముకుంటూ తెర దగ్గరికి వెళ్లి, వంతెన మీద అరచెయ్యి పెట్టి నిలబడ్డారు. నాకు కళ్లనీళ్లు ఆగలేదు. మా ఆయన, మావయ్య ముందే తెప్పించి ఉంచిన సున్నం డబ్బా తీసుకెళ్లి పెరట్లో పెట్టేశారు. మర్నాడు పొద్దున్న కొత్త జంట ఒకటి వచ్చి గడియారం ఊరు కావాలంటే, వాళ్లని కిటికీ వైపు కాస్త తిప్పి నిలబెట్టాను.